కింది సొరుగులోని చొక్కా

ఒక చొక్కా బరువెంత ఉంటుంది? గుప్పెడు గుడ్డ. అది నలభై ఏళ్ళ పైనుంచి నా రొమ్ము మీద కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు గనక మీకు చెబుతున్నాను.

నేను వడ్రంగిని. బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చాను, ఆనక లైబ్రరీలో దొరికిందల్లా చదివాను. ఆ చదువు పొగరు కూడా ఈ పాపంలో ఉంది.

బావా అని పిలుచుకునే స్నేహితుడుండేవాడు. పోర్టు దగ్గర ఇల్లు. తాతల నాటి నుంచి ఓడల మీదే పని. ముత్తాత ఓడ సరంగుగా ఉన్నప్పుడు సముద్రం అవతల రంగం రేవు నుంచి తెచ్చిన నాలుగు సొరుగుల టేకు బల్ల వాళ్ళింట్లో ఉండేది. దానికొక ఆచారం. ఓడెక్కే మగవాడు ఒంటి మీది చొక్కా విప్పి, ఉతక్కుండా, కింది సొరుగులో పెట్టి వెళ్తాడు. తిరిగొచ్చి తనే తీసుకోవాలి. అంతవరకు పెళ్ళాం కూడా ముట్టదు. రాకపోతే, శవమూ దొరక్కపోతే, దర్భ బొమ్మకు ఆ చొక్కా తొడిగి దహనం చేస్తారు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను. ఈ రెండు మాటలు రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. బావ ఓడ మీదున్నాడు. వానలకు కర్ర ఉబ్బి సొరుగులన్నీ బిగిసిపోతే బల్ల నా షెడ్డుకు చేరింది. కింది సొరుగు వదిలెయ్యమంది వాళ్ళావిడ. వదలొచ్చు. కానీ మూడు మెరుస్తూ ఒకటి మాసి ఉంటే నా పనితనం ఏం కాను? బలంగా లాగి చిత్రిక పట్టాను. లోపల నీలం గళ్ళ నూలు చొక్కా, ఏళ్ళ తరబడి తొడిగి మెత్తబడింది. లక్క పాలిష్ పట్టడానికి అలాంటి గుడ్డే కావాలి, కొత్తదైతే గీతలు పడతాయి. నా దగ్గర వేరే పాతగుడ్డ లేదా? ఉంది. మరెందుకు చింపాను? గుడ్డముక్కకు దణ్ణాలేమిటని వెటకారమా? బావ వచ్చాక చెప్పి నవ్విద్దామనుకున్నానా? రెండూనేమో. అలాంటి గళ్ళదే నా పాత చొక్కా మడిచి సొరుగులో పెట్టి, బల్ల వాళ్ళింటికి చేర్చాను.

బావ రాలేదు. సముద్రంలో పడిపోయాడని తంతి వచ్చింది. శవం దొరకలేదు.

అందరి ముందు ఆవిడే సొరుగు లాగింది. ఇట్టే జారి వచ్చేసింది, అంత బాగా చేశాను. చొక్కా మొహానికి ఆనించుకుంది. చాలాసేపు. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఆయన వాసన లేదేటి? పాలిష్ కంపు కొడతంది."

"సొరుక్కి పట్టిందే కదమ్మా. గుడ్డ పీల్చీసుంటాది."

"ముట్టుకోవద్దని సెప్పినాను కదా నాను?"

"బిగిసిపోయిందమ్మా..."

"బాగుంది. మీ బావని సముద్రం మింగీసింది. ఆయన వాసన నీ పాలిష్ మింగీసింది. నాకేటి మిగిల్చినారు మీ ఇద్దరూ?"

నోరు తెరవాల్సింది అప్పుడే. చింపిన గుడ్డ షెడ్డులోనే ఉంది, పరిగెత్తి తేవచ్చు. కదల్లేదు. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. చేతులు చెక్కల్లా వేలాడుతున్నాయి. బావ వాళ్ళన్న నా చొక్కా బొమ్మకు తొడిగి నిప్పు పెట్టాడు. నా చెమట పట్టిన కాలరు ముందు అంటుకుంది. చూస్తూ నిలబడ్డాను. దహనం జరిగింది నాకు. బావకు జరగలేదు.

ఆ తర్వాత నన్నేదీ తాకలేదు. మా ఆవిడ పోయినప్పుడు కూడా.

ఆ బల్ల ఇప్పుడు కూర్మన్నపాలెంలో, వాళ్ళబ్బాయింట్లో ఉంది. చూసినవాళ్ళు పాతకాలం మేస్త్రీలు నిజాయితీగా పనిచేసేవారంటారట. ఒళ్ళు మండిపోతుంది. ఏం తెలుసని అంటారు? ఏటా బావ తద్దినానికి ఆవిడ నాకు కబురు పెడుతుంది. వెళ్తాను. ఆవిడ వడ్డిస్తే తిని వస్తాను. అదీ చేశాను.

పాలిష్ గుడ్డ ఎండిపోకుండా మూత డబ్బాలో దాచడం మా పనిలో అలవాటు. ఆ డబ్బా నా దగ్గరే ఉంది. ఇవాళ మూత తీశాను. గుడ్డ రాయిలా బిగిసింది. ఒక మడతలో నీలం గళ్ళు ఇంకా కనిపిస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. తగలబెట్టడానికి నేనెవణ్ణి? ఆవిడ చేతికిచ్చే ధైర్యం ఈ వయసులోనూ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను.

ఇది బావ చొక్కా. నేను చింపాను. రాశాక చెయ్యి కాస్త తేలికైంది. చెయ్యి ఒక్కటే.