బావగారి ఆకాశం, నా టైపింగు

నా అంతటి తెలివితక్కువవాడు ఏలూరులో ఇంకొకడు ఉంటే ఉండవచ్చు. కానీ తన పరువు తీసే మాటల్ని తన వేళ్ళతో తానే టైపు చేసి, తప్పులు కూడా దిద్ది, లోకానికి పంపించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను. పోనీ ఎవరైనా బలవంతపెట్టారా అంటే అదీ లేదు. పిలిచి కుర్చీ వేసింది నేనే.

ఇళ్ళలోకి కంప్యూటర్లూ, వాటి వెనకాలే ఇంటర్నెట్టూ వచ్చిన కొత్త రోజులవి. నాకు ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి పట్టుకుంది. కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడపడమన్నమాట. దాన్ని ఆట అంటే మావాళ్ళకి కోపం వచ్చేది. మావాళ్ళంటే చుట్టాలు కారు, ఇదే పిచ్చి ఉన్న తెలుగువాళ్ళు. కాకినాడ నుంచి బెంగుళూరు దాకా చెదిరి ఉన్న మేమందరం ఇంటర్నెట్టులో ఒక గుంపుగా చేరాం. ఎవరు ఎక్కడ ఎగిరినా ఆ తెరమీది దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి అక్కడ పెట్టేవాళ్ళం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ ఒకరి వీపు ఒకరం తట్టుకునేవాళ్ళం. నిజం విమానం నేను ఎక్కి ఎరగను. తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషిని. పగలు ఆఫీసులో గుమాస్తాని, సాయంత్రం ఇంట్లో కెప్టెన్ని.

ఆ గుంపులో నా గొప్ప కాస్త పెంచుకుందామని మా బావగారిని అందులోకి లాక్కొచ్చాను. మా అక్క భర్త. వైమానిక దళంలో ఇంజన్ మెకానిక్కుగా పనిచేసి, రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో ఇల్లు కట్టుకున్నారు. యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు వేసిన పాత రన్‌వే మీద పొద్దున్నే నడుస్తారు. దానిమీద ఇప్పుడు విమానాలు దిగవు, స్కూటరు నేర్చుకునేవాళ్ళు పడతారు. బావగారు వాళ్ళకి కూడా ‘బ్రేకు, బ్రేకు’ అని దూరం నుంచే సలహాలిస్తారని అక్క చెప్పేది.

ఆదివారాలు ఇద్దరూ పాసింజరెక్కి మా ఇంటికి వచ్చేవారు. కొల్లేటి కొరమీను పులుసుతో భోజనమయ్యాక బావగారు నా వెనకాల కుర్చీలో చేరబడేవారు.

“నాకు ఆ మీటలూ గీటలూ పడవోయ్. నేను చెప్తుంటాను, నువ్వు కొట్టు,” అన్నారు మొదటి రోజే.

“మీరు చదువుకుని చూస్తారా?”

“ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగా? దానికంటే ఇంజన్లో నూనె మార్చడం సుఖం. నువ్వే చదివి వినిపించు.”

అలా మొదలయ్యాయి బావగారి జ్ఞాపకాలు. కొండల్లో చలికి బిగుసుకుపోయిన ఇంజన్లకి తెల్లారగట్ల గొట్టంతో వేడిగాలి పట్టేవారట. ఆ గొట్టం మూతి దగ్గరే కుర్రమెకానిక్కులు తడిసిన మేజోళ్ళు ఆరబెట్టుకునేవారట. ఒకరోజు ఆ వేడిగాలితో పాటు ఒక మేజోడు కూడా ఇంజన్లోకి వెళ్ళిపోయింది. ఆఫీసరుగారు వచ్చి వరసగా నిలబెట్టి అందర్నీ బూట్లు విప్పమన్నారట. ఒంటి మేజోడుతో దొరికింది ఎవరో చెప్పకుండా, “అతను తర్వాత చాలా మంచి మెకానిక్కయ్యాడు” అని ముగించారు బావగారు.

గుంపు గుంపంతా ఊగిపోయింది. ‘బావగారూ, ఇంకోటి చెప్పండి’ అని వరసగా ఉత్తరాలు. నాకు బావగారైతే లోకానికంతటికీ బావగారే అయిపోయారు. అదే రోజు నేను పెట్టిన విశాఖపట్నం సముద్రపు బొమ్మ కింద ఒక్కడు, ఒకే ఒక్కడు, ‘మీ బావగారు కులాసానా?’ అని రాశాడు.

జ్ఞాపకాలతో ఆగితే బాగానే ఉండేది. ఆయన నా బొమ్మల మీద కూడా పడ్డారు. సిమ్యులేటర్లో తాడేపల్లిగూడెం రన్‌వే లేదని, నేను సాయంత్రాలు కూర్చుని నా రెక్కలు ముక్కలు చేసుకుని దాన్ని సొంతంగా గీసి పెట్టాను. దానిమీద నా విమానం దిగుతున్న బొమ్మ పంపించాను. బావగారు చూశారు.

“ఊఁ, రాసుకో. ‘మా బావమరిది వేసిన రన్‌వే అసలుదానికంటే నున్నగా ఉంది, సంతోషం. కానీ దిగేటప్పుడు రెక్కల వెనక రేకులు కిందికి దించాలి. ఈయన దించలేదు. ఈ ఊపులో వస్తే గూడెంలో ఆగడు, పెంటపాడు దాకా పోతాడు. అక్కడ మా వియ్యాలవారున్నారు, భోజనం చేసి రమ్మనండి.’ కొట్టావా?”

“కొట్టానండీ.”

“ఆ మూల ఎర్రగా ఏదో రాసుందేంటి?”

“అది... ఆట ఆపినట్టు గుర్తండీ. బొమ్మ తీయడానికి ఆపుతాం.”

“అదీ రాయి. ‘విమానాన్ని గాల్లో ఆపగలిగిన పైలట్‌ని మా సర్వీసులో చూడలేదు’ అని.”

రాశాను. విమానం ఎక్కకుండానే ఇంత అవమానం ఎవరికీ జరిగి ఉండదు.

ఇంకోసారి సాయంత్రపు ఎండలో మెరిసే కొల్లేరు బొమ్మ పెట్టాను. సిమ్యులేటర్లో కొల్లేరు ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నీళ్ళే. బావగారు కళ్ళజోడు పైకెత్తి చూసి, “చేపల చెరువులేవోయ్? గట్లేవి? ఈ బొమ్మ కలెక్టరాఫీసుకి పంపించు, ఆక్రమణలన్నీ ఖాళీ అయిపోయాయని ఫైలు మూసేస్తారు,” అన్నారు. వంటింట్లోంచి అక్క, మా ఆవిడ కలిసి నవ్విన నవ్వుని మాత్రం టైపు చేయమనలేదు, అదొక్కటే దయ.

నాకు పెద్ద కోరికలేం లేవు. నా బొమ్మల్లో ఒక్కదాన్ని, గుంపందరి ముందూ, బావగారు ‘బాగుంది’ అంటే చాలనిపించేది. అప్పటికి మా గుంపులో ఏ బొమ్మ వచ్చినా మిగతావాళ్ళు నోరు మెదపకుండా బావగారి తీర్పు కోసం చూసే దాకా వచ్చింది మరి. కాకినాడ ఆయనకి ఒకసారి ‘పర్వాలేదు’ దొరికింది. ఆయన దాన్ని తన పేరు కింద బిరుదులా పెట్టుకు తిరిగాడు.

బావగారి అలవాటు ఇంకొకటుంది. చెబుతూ చెబుతూ మధ్యలో నిజంగా మంచి ముక్క ఏదైనా జారితే వెంటనే “ఇది రాయకు” అనేవారు. ఆఫీసరుగారి కుక్కకి భయపడి విమానం రెక్కెక్కి కూర్చున్న సంగతి, ‘ఇది రాయకు’. మొదటి సెలవుకి ఇంటికొచ్చి అక్కతో అబద్ధాలాడిన సంగతి, ‘ఇది రాయకు, గట్టిగా చదవకు కూడా’. నేను బుద్ధిగా వదిలేసేవాణ్ణి. గుంపుకి చేరింది సగం బావగారే. ఆ సగానికే వాళ్ళు దాసోహమయ్యారు.

ఆయన జ్ఞాపకాలన్నిటిలోకీ పేరుపడ్డది కొల్లేరు మీద ఎగిరిన కథ. డకోటాలో మద్రాసు వైపు వెళ్తుంటే విమానం ఒక పక్కకి ఒరిగిందట. కిటికీలోంచి కొల్లేరు కంచుపళ్ళెంలా కనిపించిందట, కొంగలు లేచాయట, తల్లిగారి ఊరు గుర్తుపట్టారట. చదివి కళ్ళు చెమర్చాయని బెంగుళూరు నుంచి ఒకాయన రాశాడు. ఆ దృశ్యాన్నే బొమ్మ కట్టాలని పట్టుబట్టాను. డకోటా తెచ్చాను, కిటికీ పక్కన సీట్లోంచి చూసినట్టు పెట్టాను, రెక్క ఒరగనిచ్చాను, కింద కొల్లేరు. ఆ రోజుల్లో చేపల చెరువులు లేవు కాబట్టి గట్లేవీ అని అడగడానికి వీల్లేదు. ఎర్ర అక్షరాలు కత్తిరించేశాను. సాయంత్రాలన్నీ దానికే పోయాయి. ఆఫీసులో కూడా కాగితాల మీద రెక్కలే గీశాను.

ఆదివారం భోజనాలయ్యాయి. బొమ్మ తెరిచాను. బావగారు ముందుకి వంగారు. కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నారు.

“ఇలాగే ఒరిగిందోయ్,” అన్నారు చివరికి, మెల్లిగా. “సరిగ్గా ఇలాగే. కడుపులో తిప్పేసింది. అదే నేను మొదటిసారి గాల్లోకెళ్ళడం. ఇంజన్లు బాగుచెయ్యడమేగానీ ఎక్కించిందెవరు? పక్కవాడి టోపీ లాక్కుని అందులో కక్కేశాను. ఇది రాయకు.”

“కొల్లేరో మరి?”

“కళ్ళు తెరిస్తేగా! పక్కవాడు ‘మీ ఊరి చెరువటరా, చూడు చూడు’ అని పొడుస్తూనే ఉన్నాడు. నేను టోపీలోంచి తల ఎత్తలేదు. కంచుపళ్ళెం, కొంగలు అన్నీ వాడు చెప్పినవే. ఇదీ రాయకు.” తెరని వేలితో ముట్టుకున్నారు. “ఇన్నేళ్ళకి ఇవాళ చూస్తున్నాను. చాలా బాగుందోయ్. చాలా బాగుంది. ఇది అసలే రాయకు, నెత్తికెక్కుతావు.”

ఏదో అనబోయాను. ఈలోగా ఆయన వెనక్కి చేరబడి, గొంతు సవరించుకుని, గుంపు బావగారైపోయారు.

“ఊఁ, ఇప్పుడు రాసుకో. ‘రెక్క మీద నూనె మరకలేవి? ఆ ఇంజన్లు నూనె చిమ్మకుండా ఎగిరిన రోజు లేదు. ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని విమానమనరు, పెళ్ళికొడుకంటారు. బావమరిది గారు మళ్ళీ ప్రయత్నించాలి.’ చాలు.”

టైపు చేయడం మొదలుపెట్టాను. ‘ఇలాగే ఒరిగిందోయ్’ దగ్గర్నుంచి. కడుపులో తిప్పడం, పక్కవాడి టోపీ, మూసిన కళ్ళు, అరువు కొంగలు, ‘చాలా బాగుంది’ అన్నది రెండుసార్లూ, ‘ఇది రాయకు’ అన్నది అన్నచోటల్లా. చివర్లో నూనె మరకలు కూడా, అన్యాయం చేయకుండా.

“ఇంతసేపేంటోయ్? చదువు,” అన్నారు.

నూనె మరకల దగ్గర్నుంచి చదివాను. ఆయన తృప్తిగా తలాడించారు. అప్పటికే కాఫీలు తెచ్చిన అక్క నా భుజం మీదుగా పై నుంచి కిందికి చదువుతోంది. పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

“ఏవండీ, ఇవాళ ఎప్పుడూ లేనంత బాగా చెప్పారండీ,” అంది, నవ్వు బిగబట్టుకుని.

“మనం చెప్పిందేదీ బాగుండకపోవడమేంటి!” అని బావగారు కాఫీ అందుకుని నా వైపు తిరిగారు. “ఏమీ వదిలెయ్యలేదు కదా?”

“ఒక్క ముక్క కూడా వదల్లేదండీ బావగారూ,” అని, పంపించే మీట నొక్కేశాను.