చెప్పుల వరుస

పక్కింటి అంకుల్ అనగానే నాకు చెప్పులే గుర్తొస్తాయి. జెర్సీ సిటీకి రాకముందు ఆయన కెన్యాలోని మొంబాసాలో ఉండేవారు. శని, ఆదివారాల్లో టూరిస్టులను పడవలో సముద్రం మధ్య ఇసుకతిన్నెలకు తీసుకెళ్ళి, పోటు వచ్చి నీళ్ళు పెరిగేలోపు ఒడ్డుకి చేర్చేవారు.

మాతో బీచ్‌కి వస్తే మా అందరి చెప్పులూ విప్పించి, సముద్రంవైపు తిప్పి వరుసగా పెట్టేవారు. తను మాత్రం చెప్పులు విప్పేవారు కాదు, నీళ్ళలో దిగేవారు కాదు, ఒడ్డునే కూర్చునేవారు.

"ఇదంతా ఎందుకంకుల్, కార్‌లో పెట్టేస్తే పోలా?" అన్నాను ఒకసారి.

"ఎవరు తిరిగి రాలేదో వీటిని చూస్తే తెలుస్తుందమ్మా. మొంబాసాలో ఒకరోజు ఒక జత మిగిలిపోయింది" అన్నారు.

పోయిన వేసవిలో మేమంతా నీళ్ళలోంచి వచ్చి ఎవరి చెప్పులు వాళ్ళం తొడుక్కున్నాం. ఆయన కూర్చునే చోటు ఖాళీగా ఉంది. వరుస చివర ఇంకో జత మిగిలింది. సముద్రంవైపు తిరిగి ఉన్న అంకుల్ తోలు చెప్పులు.