విక్టోరియమ్మ కృతజ్ఞత కూడిక

మండవల్లి చర్చిలో మైకు అక్కర్లేని గొంతు విక్టోరియమ్మది. ఆవిడ పాట ఎత్తుకుంటే హార్మోనియం వాయించేవాడు వెనకాల పరిగెత్తాల్సిందే. అలాంటి మనిషికి అరవయ్యో ఏట రొమ్ము కాన్సరు వచ్చింది. ఏలూరులో ఆపరేషనైంది, జుట్టు రాలిపోయే మందులూ అయ్యాయి. ఆ రోజుల్లో ఆవిడకి నీళ్ళు పోసిందీ, జావ తాగించిందీ ఆడపడుచు అచ్చాయమ్మ. సొంత అక్క కూడా అంత చెయ్యదు.

అన్నీ అయ్యాక డాక్టరమ్మ ఒక చిన్న బిళ్ళ రాసింది. రోజుకొకటి, ఐదేళ్ళు.

"ముట్లు ఆగిపోయినా ఒంట్లో ఆడ హార్మోను కాస్త తయారవుతూనే ఉంటుందండీ. మీకొచ్చిన రకం కాన్సరు దాని మీదే పెరుగుతుంది. ఈ బిళ్ళ ఆ తయారీని ఆపుతుంది."

పక్కనున్న భర్త ప్రసాదరావు చేపల చెరువుల మీదే తల నెరిసిన మనిషి. "అంటే మేత ఆపెయ్యడమన్నమాటండీ!" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, అంతేనంది.

బిళ్ళ మొదలెట్టాక విక్టోరియమ్మకి వేళ్ళు బిగుసుకుపోయేవి. ప్రార్థన మధ్యలో ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలొచ్చేవి. ఆవిడ పాట ఆపకుండానే చెంగుతో విసురుకునేది. బతికి బయటపడ్డ సంతోషం ముందు ఇవో లెక్కా!

2008 వేసవిలో, బతికించినందుకు దేవుడికి దణ్ణాలు చెప్పుకోడానికి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంది. కోడి పలావు, కొర్రమీను పులుసు, వీధంతా పిలుపులు. ఆ ఏర్పాట్ల సందడిలో ఉండగా, కూడికకి ముందురోజు అచ్చాయమ్మ ఒక బాంబు పేల్చింది.

"దేవుడు స్వస్థత ఇచ్చాడని పదిమంది ముందూ సాక్ష్యం చెప్పి, మళ్ళీ బిళ్ళ మింగుతావేంటి అమ్మాయ్? విన్నవాళ్ళేమనుకుంటారు? కూడికవ్వగానే వాటిని చెరువులో పారేద్దాం. అందరికీ చెప్పేశాను కూడా."

విక్టోరియమ్మ ఇరుకున పడింది. మానేస్తే రోగం తిరగబెడుతుందేమోనని భయం. కాదంటే, తనకి నీళ్ళు పోసిన మనిషి పదిమందిలో చిన్నబోతుంది.

మర్నాడు సాక్ష్యం చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది. అందరూ ఆనందమనుకుని ఆమెన్ అన్నారు. విస్తళ్ళు పడ్డాయి. అచ్చాయమ్మ బిళ్ళల కవరు పట్టుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడింది.

అంతలో పాస్టరు తోమాగారు జేబు తడుముకున్నారు. "విక్టోరియమ్మగారూ, ముందు కాసిని మంచినీళ్ళు ఇప్పించండి. షుగరు బిళ్ళ వేసుకోకుండా పలావు ముట్టుకుంటే మా ఆవిడ ఊరుకోదండీ."

విక్టోరియమ్మకి పట్టలేనంత నవ్వొచ్చింది. రెండు గ్లాసులు ముంచింది. ఒకటి అయ్యగారికిచ్చి, రెండోది పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచింది.

"వదినగారూ, నాదీ ఇలా ఇవ్వండి. నన్ను బతికించిన దేవుడే ఈ బిళ్ళా చూపించాడండీ. మీరు జావ పోసి నిలబెట్టిన ఒళ్ళు ఇది. దీన్ని నేను పోగొట్టుకోను."

అచ్చాయమ్మ పాస్టరుగారి వైపు చూసింది. ఆయన తలెత్తి బిళ్ళ గుటుక్కున మింగుతున్నారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. మరదలి వేళ్ళు వంగవని తెలుసు కాబట్టి, తనే అట్ట చింపి బిళ్ళ అరచేతిలో పెట్టింది.

"వేసుకో. ఏదో మేత ఆపేస్తారని తమ్ముడన్నాడు, మరి పలావు తినొచ్చా?"

"మేత ఆపింది రోగానికండీ వదినగారూ, నాకు కాదు!" అంటూ విక్టోరియమ్మ బిళ్ళ మింగి, వదినగారి పక్కనే విస్తరి ముందు కూర్చుంది.