ట్యాంకర్ భాయ్‌కి నా సవినయ నివేదన

నా చిన్నప్పుడు, హైదరాబాద్ కొండాపూర్‌లో నీళ్ళకి ఎంత కరువో మా ఇంట్లో హిందీకి అంత కరువు. నాన్నగారి బదిలీ మీద కాకినాడ నుంచి వచ్చాం. అవి తొంభైల చివరి రోజులు. అవతల రాళ్ళు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. ఇవతల మా వీధిలో బోర్లు ఎండిపోయి, వారానికి రెండుసార్లు ట్యాంకర్ వచ్చేది. నాన్నగారికి హిందీలో ‘అచ్ఛా’ ఒక్కటే వచ్చు. దాన్ని కూడా పొదుపుగా వాడేవారు. అమ్మకి అదీ రాదు. నేను మాత్రం పదకొండేళ్ళకే రెండు హిందీ పరీక్షలు ఫస్టు క్లాసులో పాసై, సర్టిఫికెట్లకి ఫ్రేములు కట్టించుకున్నదాన్ని. అందుచేత ట్యాంకర్ భాయ్‌తో మాట్లాడే శాఖ నాకు అప్పగించారు.

భాయ్ వీధి మొదట్లోనే బండి ఆపేవాడు. మాది చివరి వైపు ఇల్లు, అక్కడిదాకా పైపు వచ్చేది కాదు. బిందెలతో పరుగెత్తేసరికి ట్యాంకర్ అడుగున ఉన్నవే మిగిలేవి. వీధి మధ్యలో ఆపితే అందరికీ అందుతుందని నాకు తోచింది. తోచినదాన్ని తోచినట్టే, వ్యాకరణ దోషం ఒక్కటీ లేకుండా చెప్పాను. మీరు తప్పు చోట ఆపారు, మీరు ముందుకు రావాలి అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి బీడీ వెలిగించుకున్నాడు. బండి కదల్లేదు. ఆ రోజు మాకు దక్కినవి రెండు బిందెలు. వంట, నాన్నగారి స్నానం, అంట్లు అన్నీ వాటితోనే సర్దిన అమ్మ, నన్ను తిట్టడంలో మాత్రం పొదుపు పాటించలేదు.

తరువాతి ట్రిప్పుకి, ఆ రోజు వరసలో నా వెనకే నిలబడి అంతా విన్న పక్కింటి అక్క వెళ్ళింది. ఆమెది ఆ ఊరే, ఇంటర్ చదువుతోంది. ఆమె హిందీలో ఆడా మగా తేడా ఉండేది కాదు. ఏ పరీక్షకీ కూర్చోలేదు, కూర్చున్నా లేపేసేవారు. సలాం చెప్పి, ఇంట్లో పిల్లల సంగతి అడిగి, తీరిగ్గా అంది.

“భాయ్, మేరేకు ఐసా లగ్తా, బీచ్‌మే రుకే తో అచ్ఛా రహ్తా. బాకీ ఆప్ దేఖ్లో.”

నాకైతే మధ్యలో ఆపితే బాగుంటుందనిపిస్తోంది, ఆపై మీరు చూడండి అని. అంతే. బండి బర్రుమంటూ వచ్చి వీధి మధ్యలో ఆగింది.

అది నా అభిప్రాయం! నా వ్యాకరణం తీసేసి, నా మాటే చెప్పి, నా నీళ్ళు పట్టుకొచ్చింది. పైగా అమ్మ, ఒక్క ముక్క హిందీ రాని మా అమ్మ, “ఆ పిల్లది ఎంత చక్కటి హిందీ అండీ” అని నాన్నగారితో అంది. నాన్నగారు “అచ్ఛా” అన్నారు. ఆనాటి నుంచి అక్క పొడుగు జడ, అక్క నవ్వు, చివరికి వాళ్ళ గేటు చప్పుడు కూడా నాకు నచ్చడం మానేశాయి. ఆమెకిమ్మని అమ్మ గారెలు పంపితే దారిలో నేనే తినేశాను. అంత పగ.

మరుసటి ట్రిప్పు నాటికి ఎవరో ఇల్లు కడుతూ వీధి మధ్యలో కంకర పోశారు. భాయ్ మళ్ళీ మొదట్లోనే ఆగిపోయాడు. వెనక సందులోంచి తిప్పుకొస్తే మా ఇంటి దాకా రావచ్చు. ఇంట్లో తాగడానికి కూడా నీళ్ళు లేవు. అక్క గేటు తీసేలోపు నేను పరుగెత్తాను. ఈసారి మర్యాదగా మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. చిక్కేమిటంటే, నాకు వచ్చిన మర్యాద ఒక్కటే. పరీక్షకి బట్టీ పట్టిన సెలవు చీటీ.

చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. “సేవా మే, మాన్యవర్ మహోదయ్, సవినయ్ నివేదన్ హై కి...” వెనక సందు సంగతి మధ్యలో ఇరికించి, ఆఖర్న మీ ఆజ్ఞ పాటించే విద్యార్థినినని కూడా విన్నవించుకున్నాను. బిందెల వరసంతా ఘొల్లుమంది. భాయ్ ఒక్కడే నవ్వలేదు.

“మజాక్ కర్రీ క్యా?” అని, ఎగతాళి చేస్తున్నాననుకుని, పైపు చుట్టడం మొదలుపెట్టాడు. అమ్మ ఖాళీ బిందెతో నిలబడి నన్నే చూస్తోంది.

అప్పుడు అక్క వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. “మజాక్ నై భాయ్. ఉస్ దిన్ బీచ్‌మే రుకో బోలా నా, వో బాత్ ఇస్కాచ్ థా. మై ఖాలీ బోలా.” ఆ రోజు చెప్పిన మాట ఈ పిల్లదే, నేను ఊరికే నోరు తెరిచానంతే అని.

భాయ్ చేతిలో పైపు ఆగింది. “తో అబ్ క్యా బోల్తే బేటా?” అని, ఇప్పుడేమంటావని నన్నే అడిగాడు.

నా ఫస్టు క్లాసు మొత్తం ఎక్కడికో పోయింది. నాకిలా అనిపిస్తోంది అన్నాను. వెనక సందు చూపించాను. ఆపై మీరు చూడండి అన్నాను. ఆయన చూశాడు. బండి తిప్పాడు. మా డ్రమ్ములు అంచుల దాకా నిండాయి.

బిందె చంకనెత్తుకుని నడుస్తూ అక్క అంది: “హుకుం చేస్తే ఎవలింటరే? నీకు అనిపించింది చెప్పు. జర ఆయనకు గూడ జాగా ఇడువు, ఆయన గూడ ఆలోచించాలె గద.”

ఆ రోజు నువ్వు చెప్పిన మాట నాదని ఎందుకు చెప్పావని అడిగాను.

“నీదే గద,” అంది, అడిగి తీసుకున్న గిన్నె తిరిగిచ్చినంత తేలిగ్గా.

ఆ జవాబుతో నా అసూయ పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు, పెరిగింది. అంతవరకూ ఆమె హిందీ మీదే ఉండేది, ఇక ఆమె మంచితనం మీద కూడా మొదలైంది.

ఇప్పుడు నాది తల నెరుపు దాచుకునే వయసు, ఆ అద్దాల మేడల్లోనే ఒకదాంట్లో ఉద్యోగం. ఉత్తరాది వాళ్ళతో మీటింగుల్లో ‘నాకిలా అనిపిస్తోంది, ఆపై మీరు చూడండి’ అని హిందీలో అలవోకగా వచ్చేస్తుంది. అది పాఠంలో సులువైన సగం. రెండో సగం, నేను చెప్పి మెప్పు పొందిన మాట నిజానికి ఇంకొకరిదైనప్పుడు, ఇది ఈ అమ్మాయి మాట అని అందరిలో చెప్పడం. చెప్పే ముందు ప్రతిసారీ కడుపులో కాస్త మండుతుంది. ఆ మంటకి ఏ ట్యాంకరూ రాదు. అయినా చెప్పేస్తాను.