బురెంతౌ మామ కట్టిన గోడ

మా మేనమామ బురెంతౌకి నోరు పెద్దది, గుట్టు అంతకన్నా పెద్దది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొబ్బరిచెట్టెక్కి కల్లు గీస్తూ ఊరంతా వినబడేలా పాడేవాడు. ఎవరి పెళ్ళాం అలిగింది, ఎవరి పడవకి చిల్లు పడింది, ఎవరింట్లో చేప మాడింది, అన్నీ ఆ పాటల్లోకి వచ్చేవి. కింద నడిచేవాళ్ళు తమ పేరు రాకపోతే చాలురా దేవుడా అనుకుంటూ పోయేవారు. తన చేమగుంటలో ఏముందో మాత్రం ఆయన ఒక్క ముక్క కూడా పాడలేదు.

ఆ మాటకొస్తే నడిసముద్రంలోని మా దీవిలో ఎవరూ చెప్పరు. మాకు ఉన్నది ఇసుక, పగడపు రాయి. మనిషి లోతు తవ్వితే మంచినీళ్ళు తగులుతాయి. ఆ తడిలో చేమ నాటి, చుట్టూ మొగలాకు బుట్ట అల్లి, అందులో ఆకులు వేసి కుళ్ళబెట్టి, పసిబిడ్డకి తినిపించినట్టు తినిపించాలి. ఏ ఆకు, ఎంత, చంద్రుడు ఏ కళలో ఉన్నప్పుడు అన్నది ఒక్కో ఇంటి రహస్యం. తాత తన పద్ధతి కొడుక్కి చెప్పాడు, అమ్మమ్మ తనది కూతురికి చెప్పింది. తాత పంచిచ్చిన నేలలో మామ గుంటకీ మా అమ్మ కబ్వెయా గుంటకీ మధ్య ఇరవై అడుగులు లేవు. అయినా ఒకరి గుంటలోకి ఒకరు తొంగి చూసింది లేదు. తోడబుట్టినవాళ్ళయినా సరే, చూస్తే దొంగతనమే.

మామ గుంటలో ఒక చేమ ఉండేది. తాత చనిపోయిన ఏడు నాటి, పదిహేనేళ్ళు పెంచాడు. దాని ఆకులు గట్టు దాటి కనబడేవి. మా ఊరి మనేబాలో, అంటే నలుగురూ కూర్చునే సావిడిలో, ప్రతి కుటుంబానికీ తాతల నాటి చోటు ఒకటుంటుంది. పండగనాడు ఆ చోటు ముందు చాప మీద చేమదుంప పెట్టాలి. ఓడలో వచ్చిన బియ్యం పెట్టినవాడు అక్కడ కూర్చున్నా కూర్చోనట్టే లెక్క. పడమటి గాలికి పాత సావిడి కూలిపోయినప్పుడు మామ అందరి ముందూ మాటిచ్చాడు. కొత్త కప్పు వేసిన రోజున మా తాత చోటులో ఆ పెద్ద దుంప పెడతానన్నాడు. కప్పుకి రెండేళ్ళు పడుతుందని తేలింది. అప్పట్నుంచి ఆయన ప్రాణమంతా ఆ గుంటలోనే ఉంది.

ఆ ఏడే ఫిబ్రవరి పున్నమి పోటు మామ ఒడ్డున మూడు కొబ్బరిచెట్లని వేళ్ళతో సహా లాక్కుపోయింది. ఇంకో పోటుకి నీళ్ళు గుంట దాకా వస్తాయని ఆయనకి భయం పట్టుకుంది. గోడ కట్టాలని పగడపు రాళ్ళు ఏరడం మొదలెట్టాడు. తన ఒడ్డున అయిపోయాక మా ఒడ్డు ముందరివి మొయ్యసాగాడు. అమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి అడ్డం నిలబడింది.

"అన్నా, ఆ రాళ్ళు ఊరికే పడుకుని లేవు. అల నడుం విరిచేవి అవే."

"సముద్రంలో రాళ్ళ మీద కూడా నీ పేరు రాసుందా ఏమే?"

"పేరు లేదులే. అవి పోతే అల తిన్నగా నా వంటింట్లోకొస్తుంది."

"వస్తే కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళియ్యి! ముందు నాది కానీ, తర్వాత నీకూ కడతాగా."

కడతాడట. నలభై అడుగుల గోడ రొమ్ము ఎత్తున లేచింది, మా వంతు రాలేదు. ఆ మధ్య రాజధాని నుంచి పడవలో ఇద్దరు అధికారులు, వాళ్ళ వెంట ఒక తెల్లదొర వచ్చారు. మామని గోడ పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. మీరు ఎంత గట్టివాళ్ళండీ అన్నాడు దొర. గట్టివాళ్ళమట! మునిగేవాడి గుండెబలం మెచ్చుకోవడానికి ఒడ్డున ఉన్నవాడికేం పోయింది? వాళ్ళ దేశాల పొగకే మా సముద్రం ఉబ్బుతోందని కూడా ఆయనే చెప్పాడు. చెప్పి, రెండు బొండాలు తాగి, పడవెక్కి పోయాడు.

మరుసటి ఫిబ్రవరిలో పోటు వచ్చింది. గాలీ లేదు, వానా లేదు, సాయంత్రపు ఎండ కాస్తూనే ఉంది. అల మామ గోడకి కొట్టుకుని, పక్కకి తిరిగి, రాళ్ళు లేని మా ఒడ్డు మీదుగా ఇంట్లోకి నడిచింది. కుండలు తేలాయి, చాపలు తేలాయి, పంది తాడు తెంపుకుని పోయింది. నీళ్ళు వెనక్కి పోయాక చూస్తే అమ్మ చేమగుంటలో చేపపిల్లలు ఈదుతున్నాయి. మామ గోడ మీద నిలబడి నన్ను చూసి కేకేశాడు.

"చూశావుటే కోడలా, నా వైపు ఒక్క చుక్క రాలేదు!"

ఆయన్ని గోడతో సహా సముద్రంలోకి తోసెయ్యాలనిపించింది నాకు. అమ్మా నేనూ మూడు రోజులు డబ్బాలతో ఆ ఉప్పునీళ్ళు తోడాం. మార్చి నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కాయి, తర్వాత ఒక్కొక్కటే వాలిపోయాయి. అమ్మ కొబ్బరాకులతో గుంట చుట్టూ దడి కట్టేసింది.

"ఎవరికీ చెప్పకు. మీ మామకి అసలే చెప్పకు. చెట్టెక్కి పాట కడతాడు."

"ఆయన వల్లేగా పోయింది! వెళ్ళి అడుగుతాను."

"అడుగుతావు. చేమ చంపుకున్న ఆడది అని ఊరంతా నన్ను చూస్తుంది. నోరు మూసుకో."

మూసుకున్నాను. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, అదీ మా బతుకు. ఏప్రిల్లో మామ కూడా తన గుంట చుట్టూ మనిషెత్తు దడి కట్టాడు. రహస్యం కాజెయ్యాలని జనం చూస్తున్నారన్నాడు. ఏం మిడిసిపాటు అని నేను పళ్ళు నూరుకున్నాను. రోజూ కల్లుకుండతో మా ఇంటి ముందు నుంచే పోతూ పలకరించేవాడు.

"చెల్లీ, నీ గుంటెలా ఉందే?"

"బంగారంలా ఉందన్నా. నీదో?"

"నాదా? తెరచాపలనుకో ఆకులు!"

మే నెలలో ఆయన పాటలు తగ్గాయి. జూన్లో అసలు మానేశాడు. గొంతు పోయి ఉంటుందిలే, పీడా పోయింది అనుకున్నాను.

జులైలో సావిడి కప్పు పూర్తయింది. పండగ పొద్దునే దుంప తవ్వి, పచ్చిదాన్ని చాప మీద పెట్టి అందరికీ చూపించాక కోసి పంచాలి. ఆ పొద్దున మామ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"రండి. మొయ్యడానికి మనుషులు కావాలి."

జన్మలో మొదటిసారి ఆయన గుంట దగ్గరికి, దడి లోపలికి అడుగుపెట్టాం. తెరచాపలు లేవు. నాలుగు ఆకులు మిగిలాయి, అవి కూడా అంచులు కాలినట్టు గోధుమరంగులో ఉన్నాయి.

"పైకి అలా కనబడుతోంది గానీ, లోపల రాయిలా ఉంటుంది," అన్నాడు మామ. ఆ మాట మాతో అన్నాడో, తనతో అనుకున్నాడో తెలియదు. గుంటలోకి దిగి గడ్డపారతో పక్కన పొడిచాడు. గడ్డపార మెత్తగా దిగిపోయింది. కంపు పైకి కొట్టింది. రెండు చేతులతో కాడ పట్టుకుని లాగితే పిడికెడు దుంప వచ్చింది, మిగిలినదంతా నల్లటి గుజ్జయి చేతుల్లోంచి జారిపోయింది. పదిహేనేళ్ళు!

అమ్మ గుంటలోకి దిగింది. నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు," అంది. "నాది మార్చిలోనే పోయిందన్నా. నా గుంటలో పడ్డ నీళ్ళే నేల కింద నడిచి నీ దగ్గరికొచ్చాయి."

"మార్చిలోనా? అప్పటికి నాది గట్టిగానే ఉందే! నువ్వొక్క మాట చెప్పుంటే ఆ రోజే తవ్వుకునేవాణ్ణి. ఎందుకు చెప్పలేదే?"

"చెబితే పాట కట్టేవాడివి."

మామ చేతుల్లోని గుజ్జు గట్టు మీద దులుపుకున్నాడు.

"కట్టేవాణ్ణే," అన్నాడు.

మధ్యాహ్నం తాత చోటు ముందు మేము అన్నం గిన్నె పెట్టాం. సావిడి పెద్ద ఒక్కో చోటు పేరూ, దాని ముందు పెట్టిన తిండి పేరూ గట్టిగా చదువుతూ వచ్చాడు. మా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి "బియ్యం" అన్నాడు. ఎవరూ మా వైపు చూడలేదు. చూసినా ఇంత బాధ ఉండేది కాదు. అప్పుడు మామ లేచి నిలబడ్డాడు. క్షమించమంటాడేమో అనుకున్నాను.

"సీమపనస పండాకు రెండు పాళ్ళు," అని మొదలెట్టాడు. "నీడన ఆరబెట్టిన కౌరా ఆకు ఒక పాలు. నెలవంక పుట్టిన నాలుగో రోజున వెయ్యాలి. వేసేటప్పుడు మాట్లాడకూడదు..."

బట్టలు విప్పుకున్న మనిషిని చూసినట్టు జనం మొహాలు తిప్పుకున్నారు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"ఊరుకో అన్నా! నాన్న చెప్పిన మాట అది! కూర్చో!"

"దాచి ఏం చెయ్యనే? ఎవడు దొంగిలిస్తాడు? దొంగిలించి ఎక్కడ వేస్తాడు?"

చివరి దాకా చెప్పే కూర్చున్నాడు. ఎదుటి వరసలో ముసలాయన ఒకడు తల దించుకున్నాడు. ఆయన గుంట చుట్టూ కూడా ఏప్రిల్ నుంచి దడి ఉంది.

మామ ఇప్పటికీ కల్లు గీస్తాడు, నోరు విప్పడు. గోడ అలాగే ఉంది. తాత రహస్యం మామ చెల్లెలి కూతురినైన నా దాకా రావలసింది కాదు, కానీ ఆ రోజు సావిడిలో కూర్చుని ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్నాను. పాళ్ళతో సహా కంఠతా వచ్చు. వెయ్యడానికి గుంట లేదు.