దుప్పటి వెనక రేకు పెట్టె

ఇప్పటికీ పచ్చ సిరా చూస్తే నాకు రోత.

స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ ఆరులో మా తెలుగు సంఘానికి హాలు దొరికిన కొత్తలో నేను దాని కార్యదర్శిని. హాల్లో పాటలు వినడానికి యాంప్లిఫయరు కావాలన్నారు. రెండు వచ్చాయి. ఒకటి మా అధ్యక్షుడైన ఆఫీసరుగారు, దేశానికి తిరిగి వెళ్ళిపోతున్న రష్యన్ ఇంజనీరు దగ్గర సంపాదించినది. రెండోది, ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనిచేసే శ్రీకాకుళం మనిషి రిసాలి బస్తీలో ఇంటి దగ్గర కూర్చుని సొంతంగా తయారుచేసినది. దాని పైకప్పు నూనె డబ్బా రేకు.

అతని పెట్టె నెగ్గితే అతన్ని టెలిఫోన్ సెక్షన్‌కి మార్పిస్తానని ఆఫీసరుగారు అందరి ముందూ అన్నారు. కోక్ ఓవెన్ పొగకి అప్పటికే అతనికి దగ్గు పట్టుకుంది. మాట మధ్యలో ఆగి దగ్గేవాడు.

మొదటి ఆదివారం రెండింటినీ బల్ల మీద పక్కపక్కనే పెట్టి విన్నాం. రికార్డు ఒకటే, స్పీకరూ ఒకటే, మధ్యలో పెట్టె మాత్రం మార్చాం. రష్యన్ పెట్టె మోగుతున్నంతసేపూ ఆఫీసరుగారు తలాడించారు. ఆయన తల ఎటు ఊగితే ఇరవైమంది తలలూ అటే ఊగాయి. రెండోది మొదలవగానే ఆయన ముఖం చిట్లించి, "రేకు మోత వినిపిస్తోందయ్యా" అన్నారు. అంతే, అందరికీ వినిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ వినిపించింది.

ఇంటికెళ్ళాక ఒళ్ళు మండింది. చెవులతో కాదు, ఆయన మొహం చూసి విన్నాం కదా అనిపించింది. మరుసటి ఆదివారం మా ఇంటి దుప్పటి తెచ్చి బల్ల ముందు కట్టాను. దాని వెనక తీగలు మార్చేది నేనొక్కణ్ణే. పెట్టె చేసినవాణ్ణి బయట వరండాలో కూర్చోబెట్టాను. వినేవాళ్ళు ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా గోడవైపు తిరిగి, మొదటిది బాగుందో రెండోది బాగుందో చీటీ మీద రాయాలి. మూడుసార్లు, వరస మార్చి మార్చి వినిపించాను.

మూడుసార్లూ రేకు పెట్టెకే ఎక్కువ చీటీలు. వాటిలో మూడు పచ్చ సిరావి. మా సంఘంలో పచ్చ సిరా పెన్ను ఒక్క ఆఫీసరుగారి జేబులోనే ఉండేది.

లెక్క చదివి దుప్పటి తీశాను. ఆఫీసరుగారి ముఖం మాడిపోయింది.

"గుడ్డ అడ్డం పెట్టి వినడమేమిటయ్యా. మంచి పెట్టె గొంతంతా ఆ దుప్పటే మింగేసింది."

"ఔన్సార్, పర్దా ఏస్తే ఆవాజు దబ్బిపోద్ది కదా," అన్నాడొకడు. కాసేపటి కిందట రేకు పెట్టె మోగుతుంటే "ఇదే బాగుందిరా" అని పక్కవాడితో గొణిగినవాడే. దుప్పటి రెండింటికీ అడ్డమే కదా అని ఒక్క నోరూ అడగలేదు.

మళ్ళీ కళ్ళతో విన్నారు. మళ్ళీ రేకు మోత వచ్చింది. రష్యన్ పెట్టెకి చేతులెత్తారు. పచ్చ చీటీలు నా జేబులోనే ఉన్నాయి, తీసి బల్ల మీద పడేస్తే చాలు. కానీ సెక్టర్ ఆరులో క్వార్టరు కోసం నేను పెట్టుకున్న అర్జీ ఆయన బల్ల మీద ఉంది. దాని మీద పడాల్సిందీ ఆ పచ్చ సిరాయే. నా చెయ్యీ లేచింది.

బయట అతను పెట్టెని సైకిలు క్యారియరుకి తాడుతో కడుతున్నాడు.

"బాబూ, ఆఫీసరుగారు చీటీల మీద ఏటి రాసినారు?"

"చూడలేదు."

"పోన్లెండి. మీరూ ఇన్నారు కదా. మీకేటనిపించింది?"

"కొంచెం రేకు మోత ఉందయ్యా," అన్నాను.

అతను నా మాట నమ్మాడు. "అయితే కప్పు మారుస్తాను బాబూ," అని, దగ్గు తగ్గేదాకా హ్యాండిలు పట్టుకుని నిలబడి, షిఫ్టుకి కోక్ ఓవెన్ వైపు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు క్వార్టరు ఆ నెలలోనే వచ్చింది.