మా కొడి

ఆగస్టు పదిహేను మాకు రెండు పండుగలు. దేశానికి స్వతంత్రం వచ్చిన రోజు, మరియమాత మోక్షానికి వెళ్లిన రోజు. తిరువొత్తియూరులో మా కాలనీ జెండాలో పూలు పెట్టి ముడి వేసే పని ఇరవై ఏళ్లుగా నాదే. ఆ ముడి మా నాన్న నేర్పాడు. చర్చి పండుగకు ఎత్తే మాత జెండాకు ఆయనే కట్టేవాడు. సముద్రపు గాలికి అది ఊడకూడదు, తాడు లాగితే మాత్రం ఒక్క పట్టున విడిపోవాలి.

నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం కదా, జెండాను తమిళంలోలాగే కొడి అంటాం. తంటా అక్కడే వచ్చింది. కాలనీకి కొత్త సెక్రటరీ గుంటూరు నుంచి వచ్చినవాడు. మొదటిసారి కొడి అంటే కోడి అనుకుని, "గుడ్లు పెడుతుందాండీ?" అని అడిగాడు. చర్చి మీద ఎగిరేది చూపించి, అదీ కొడి అంటే అన్నారెవరో. కొడి అంటే చర్చి జెండా అన్నదొక్కటే తలకెక్కించుకున్నాడు.

పండుగ ముందురోజు మీటింగులో, "మా కొడికి పూలు తెప్పించండి, తెల్లారేపాటికి కట్టేస్తా" అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. "మీ జెండా మీ చర్చిలో కట్టుకోండమ్మా. ఇది దేశం జెండా. మావాళ్లు కట్టుకుంటారు."

ఆ 'మావాళ్ల'లో నేను లేను.

"నాయనా, నేనడిగింది మూడురంగుల కొడినే. మాత కొడి ఎక్కి వారం దాటె. అదీ మాదే, ఇదీ మాదే."

"రేపు మీకు పూజ ఉంటుందిగా. రెండూ ఎలా కుదురుతాయండీ?"

"ఒకే దినం రెండు పండగలొస్తే రెండుసార్లు తలకు పోసుకుంటామా యేమి? పూజలో మా ఫాదరు దేశం కోసరం మొక్కిస్తాడు. ఆడ మోకాళ్లేసి ఈడికొచ్చి నిలబడేదాన్ని నేను. నువ్వొకసారి వచ్చి చూడు పా."

వెనకనుంచి పాలబూతు ఆమె అందుకుంది. "సార్, ఆయమ్మ కట్టకుంటే సాయంత్రందాకా తాడు లాగతా ఉండాల మనం!"

అందరూ గొల్లుమన్నారు. సెక్రటరీ చెవులు ఎర్రబడ్డాయి. "కొడి అంటే చర్చిదే అనుకున్నానమ్మా. మన్నించండి, మీరే కట్టండి" అన్నాడు.

తెల్లవారుజామున తుంపర పడి తాడు చెమ్మగిల్లింది. చెమ్మకు ముడి బిగుసుకుంటుందని బొటనవేలు దూరేంత వదులు ఉంచి కట్టి పూజకు వెళ్లాను. ప్రార్థనంతా ఆ ముడి మీదే. పట్టుచీరతోనే కాలనీకి పరుగెత్తుకొచ్చేసరికి సెక్రటరీ తాడు పట్టుకుని నా కోసమే ఆగి ఉన్నాడు.

లాగాడు. ఒక్క పట్టు. బంతి, రోజా రేకులు జలజలా ఆయన తల నిండా రాలాయి. జెండా గాలికి రెపరెపలాడింది. అప్పుడే చర్చి గంట కూడా మోగింది. జాతీయగీతం నేనే ఎత్తుకున్నాను, కాలనీ మొత్తం నా వెనక అందుకుంది.